చుట్టిన చాప

అవ్వ పొగాకు డబ్బా పోయిన నెలలో నా చేతికి వచ్చింది. ఫిజీలో, నాడీ ఊళ్లోని మా పాత ఇంటికి రంగులు వేయిస్తూ మా వదిన అల్మారాలన్నీ ఖాళీ చేసింది. పారేయడానికి చేతులు రాని సామానంతా ఒక సంచిలో వేసి, బస్సులో లౌటోకాకు వచ్చి మరీ నాకు అప్పగించిపోయింది. ఆ సంచిలో అడుగున ఉంది డబ్బా. మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది. వెన్న కత్తితో లేపితే ముప్పై ఏళ్ల నాటి పొగాకు వాసన గుప్పుమంది. లోపల ఏమీ లేదు. కడిగి పెట్టుకుందామని అడుగున పరిచిన పాత పేపరు ముక్క తీశాను. దాని కింద, డబ్బా అడుగుకి అంటిపెట్టినట్టు, సబ్బుపెట్టె అట్టతో చేసిన కార్డు ఒకటి. మీద బాల్‌పెన్నుతో నేను గీసిన బొమ్మ, చుట్టిన చాప. వెనక నా రాతలోనే పంతొమ్మిది అంకె. వంటింట్లో కుర్చీ లాక్కుని కూలబడ్డాను. ఆ కార్డు కోసం ఒకప్పుడు ఇల్లంతా తిరగేశాను. దాన్ని పోగొట్టిందని అవ్వ మీద ఇంతెత్తున ఎగిరాను.

నేను పుట్టిన ఏడాదే, డెబ్భైలో, ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చింది కాబట్టి నా వయసు ఎవరైనా ఇట్టే చెప్పేయగలరు. నాయన నాడీలో టాక్సీ నడిపేవాడు, అన్న విమానాశ్రయం వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఇంట్లో మాకు మాకు ఫిజీ హిందీ, బడిలో ఇంగ్లీషు, తెలుగు ఒక్క అవ్వతోనే. అవ్వ అంటే నాయనకు తల్లి, వాయినికోరోలో చెరుకు పొలాల మధ్య పుట్టి పెరిగిన మనిషి. బడి గడప ఎక్కలేదు. నేను అక్షరాలు ఆదివారం క్లాసులో మొదలుపెట్టి, తర్వాత పట్టుబట్టి పుస్తకాలు తెప్పించుకుని నేర్చుకున్నాను. అందుకని ఈ రాతలో తెలుగు నాది, మాటల్లో తెలుగు అవ్వది. రెంటిలో ఏది మంచిదంటే నేను చెప్పను.

మా ఇంట్లో రోజంతా వరండాలో పరిచిన చాప చుట్టూ తిరిగేది. మొగలాకుల చాప, అంచులకు రంగు ఉన్నితో కుచ్చులు. పక్కింటి ఫిజియన్ ఆవిడ మేరే అల్లి ఇచ్చింది. మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక అవ్వ దాన్ని పరిచేది. అమ్మ దాని మీద కూర్చుని రాత్రికి రౌరౌ అనే చేమాకు ఏరేది, పొయ్యి మీద కొబ్బరిపాలు కాగుతున్న వాసన అక్కడిదాకా వచ్చేది. మేరే వచ్చి కూర్చునేది, అవ్వా ఆవిడా పేపరు ముక్కలో పొగాకు చుట్టుకుని చెరో దమ్ము లాగేవారు. సాయంత్రం నాయన స్నేహితులు అదే చాప మీద యంగోనా వేరుపొడి నీళ్లలో కలుపుకుని తాగేవారు. ఎవరు ఎంతసేపు కూర్చున్నా లేపే హక్కు మాత్రం అవ్వదే. ఆవిడ వచ్చి చాప ఒక మూల ఎత్తిందంటే సభ ముగిసినట్టు. పిల్లలం పుస్తకాల దగ్గరికి, మగవాళ్లు ఇళ్లకు. నోరు తెరిచి పొమ్మన్నది ఎప్పుడూ లేదు.

సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసి, దేశంలో మనవాళ్ల మీద గొడవలైన మరుసటేడు, సామాను అమ్ముకుని విదేశానికి వెళ్లిపోతున్న ఒకాయన దగ్గర అన్న ఒక కంప్యూటరు కొన్నాడు. కంప్యూటరంటే ఇప్పటిలా కాదు. ఒట్టి మీటల పలక, దాన్ని టీవీకి తగిలించాలి. టీవీ మాకుండేది గాని దేశంలో ప్రసారాలు ఇంకా మొదలవలేదు, వీడియోలో హిందీ సినిమాలు చూడ్డానికని కొన్నది. రాసిన ప్రోగ్రాముని పాటల క్యాసెట్లోనే దాచాలి. మళ్లీ ఎక్కించేటప్పుడు అయిదు నిమిషాలు కీచుకీచుమని అరిచేది. దానికి పురిటి నొప్పులు వస్తున్నాయని అవ్వ నవ్వేది. అన్నకు రెండు వారాల్లో మోజు తీరింది, నాకు పట్టుకుంది. ఆరో ఫారం ముగించి అప్పుడు మా వాడ ప్రాథమిక బడిలో తాత్కాలికంగా పాఠాలు చెబుతున్నాను. మాన్యువల్ పట్టుకుని కూర్చుని, పిల్లలకు కూడికలూ తీసివేతలూ నేర్పే చిన్న చిన్న ఆటలు చేశాను. శనివారం పిల్లలు మా వరండాలో వరస కట్టేవారు.

చిక్కు తోటి టీచర్లతో వచ్చింది. ఒకావిడ ఆటలో గుర్రం బొమ్మ బదులు పీతను పెట్టమనేది, ఇంకొకావిడ పది దాకా ఉన్న లెక్కలు ఇరవై దాకా చెయ్యమనేది. ప్రతిదానికీ నేను మళ్లీ మొదటినుంచీ రాయాలి. విసుగెత్తింది. వాళ్ల ఆట వాళ్లే చేసుకునే సాధనం ఒకటి తయారుచేస్తే నా పీడ విరగడవుతుందని ఆలోచించాను. ఊరికే పరోపకారమేమీ కాదు, పని తప్పించుకోవడానికే. వాళ్లకు ప్రోగ్రాము రాయడం రాదు, నేర్చుకునే తీరికా లేదు. అందుకని సబ్బుపెట్టెల అట్టలు కత్తిరించి ఇరవై రెండు కార్డులు చేశాను. ఒక్కో కార్డు ఆటలో ఒక్కో పని. చెయ్యి బొమ్మ ఉంటే కదపడం, ఇద్దరు మనుషుల బొమ్మ ఉంటే వంతు మారడం, బుట్ట ఉంటే గెలుచుకున్నవి వేసుకోవడం. తమకు కావలసిన వరసలో నేల మీద పేర్చుకుని, వెనక ఉన్న అంకెలు యంత్రంలో కొడితే చాలు. అది రెండు మూడు ప్రశ్నలడిగి ఆట తయారుచేసేది. ఆట ముగియడానికి మాత్రం ఏ బొమ్మ గీయాలో తోచక పెన్ను కొరుకుతూ కూర్చుంటే, ఎదురుగా అవ్వ చాప చుడుతూ కనబడింది. అదే గీశాను.

యంత్రం ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం. మనం ఏది చెబితే అది చేసుకుపోతుంది, మంచీ చెడ్డా చూడదు. ఒక టీచరు చాప కార్డు పెట్టడం మరిచిపోతే ఆవిడ పీత పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా తెర మీద అటూ ఇటూ పాకుతూనే ఉంది, ఏ మీట నొక్కినా వినలేదు. దాంతో నేనొక కాపలా పెట్టాను. చాప కార్డు లేకుండా అంకెలు కొడితే యంత్రం ముగింపు లేదని చెప్పి, ఆటను క్యాసెట్లో దాచడానికి ఒప్పుకోదు. మొత్తం సాధనంలో నాకు అన్నిటికన్నా గర్వం కలిగించిన పని అదే. అన్నకు చూపించి మెప్పు కూడా పొందాను.

చదువు రాని మనిషి కూడా చేయగలదా అని చూడ్డానికి అవ్వను కూర్చోబెట్టాను. మొదట నవ్వింది, తర్వాత కార్డులు చేతిలోకి తీసుకుని పేకముక్కల్లా తిప్పి చూసింది. ఏ ఆట చేస్తావంటే వామనగుంటలు అంది. ఇటు ఏడు గుంటలు, అటు ఏడు, వాటిలో చింతగింజలు. వాయినికోరోలో మట్టి అరుగు మీద గుంటలు తవ్వుకుని అవ్వా, ఆవిడ చెల్లెలూ ఆడుకున్న ఆట. ఇండియా నుంచి చెరుకు కూలికి ఓడెక్కి వచ్చిన వాళ్లమ్మ నేర్పిందట. దానికోసం నేను గుంట కార్డూ గింజల కార్డూ కొత్తగా గీయాల్సివచ్చింది. సగం పేర్చాక అవ్వ వంట గుర్తొచ్చి లేచి వెళ్లింది. అంతటితో ఆగేది, చిన్నవ్వ రాకపోతే.

చిన్నవ్వ అంటే ఆ చెల్లెలే. అవ్వను నాడీకి ఇచ్చారు, చిన్నవ్వను వేరే దీవిలోని డ్రెకేటికి. మధ్యలో సముద్రం, స్టీమరూ, బస్సులూ. పెళ్లిళ్లకూ చావులకూ తప్ప కలిసింది లేదు. గొడవల తర్వాత ఎంతోమంది వెళ్లిపోయినట్టే చిన్నవ్వ కూతురి కుటుంబం కెనడాకు ప్రయాణమైంది, ముసలావిడను ఒంటరిగా వదల్లేక వెంటబెట్టుకుంది. విమానం నాడీలో ఎక్కాలి కాబట్టి ముందుగా వచ్చి పదిరోజులు మా ఇంట్లో ఉన్నారు. చిన్నవ్వ తలమీద బియ్యం మూటతో దిగింది. డ్రెకేటి బియ్యం, తన పొలంలో పండినవి. కెనడాకు పోయే మనిషి నాడీకి బియ్యం మోసుకురావడమేమిటని నాయన వేళాకోళం చేస్తే, అక్క ఇంటికి ఒట్టి చేతులతో వస్తానా అని కసిరింది.

మొదటిరోజు ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఒకరినొకరు చూసుకుని కళ్లు తుడుచుకోవడం, మళ్లీ చూసుకోవడం. రెండోరోజు అవ్వ పెరట్లో గుంటలు తవ్వింది. గింజలు చేతిలోకి వచ్చాయో లేదో ఇద్దరి నోళ్లూ తెరుచుకున్నాయి. ఎప్పుడో చచ్చిపోయిన ఎద్దుల పేర్లు, వాళ్ల నాన్న తిట్టిన తిట్లు, ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారో, అన్నీ గుంటకో గింజ చొప్పున బయటపడ్డాయి. వాళ్లకు చేతులు ఊరికే ఉంటే మాట రాదని అప్పుడు తెలుసుకున్నాను. వాళ్ల ఆటలో ఇంకో వింత కూడా ఉంది. మామూలుగా గింజలు చాలక గుంటలు నింపుకోలేనివాళ్లు ఓడిపోయినట్టు. వీళ్లు అలా కాదు. గెలిచినామె తన గింజలతో రెండోదాని ఖాళీ గుంటలు నింపేది, ఆట సాగిపోయేది. ఇలాగైతే గెలిచేదెవరని అడిగాను. చిన్నవ్వ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. పొద్దు వాలాక అవ్వ గింజలను గుంటల్లోనే వదిలి పైన గోనెసంచి కప్పేది.

ప్రయాణం రెండురోజులు ఉందనగా అవ్వ నా దగ్గరికి వచ్చి కూర్చుంది. ఏదో అడగాలని మొహమాటపడుతోంది. ఆవిడకు నా దగ్గర మొహమాటమేమిటని నాకు ఆశ్చర్యం.

"నీ మశీన్లో ఆట మధ్యలో నిలిపి పెట్టొచ్చా, పిల్లా?" అంది.

పెట్టొచ్చు, ఎక్కడ ఆగిందో క్యాసెట్లో ఉండిపోతుందని చెప్పాను.

"ఆ క్యాసెట్టు పోస్టులో పోతాదా?"

అప్పుడు అర్థమైంది నాకు. ఇక్కడ అవ్వ ఒక ఎత్తు ఆడాలి, క్యాసెట్టు కెనడాకు పోవాలి, అక్కడ చిన్నవ్వ ఒక ఎత్తు ఆడాలి, మళ్లీ ఇక్కడికి రావాలి. ఇద్దరికీ రాయడం రాదు. ఫోనులో మాట్లాడమంటే గట్టిగా అరుచుకుని, ఏడ్చి, పెట్టేస్తారు. ఇదొక్కటే వాళ్లకు దారి. అన్న విచారిస్తే చిన్నవ్వ మనవడు చేరబోయే ఇంట్లో, ముందే వెళ్లిన వాడి బాబాయి దగ్గర, ఇదే రకం కంప్యూటరు ఉందని తేలింది. నాకు ఒళ్లు పులకరించింది. నా సబ్బుపెట్టె కార్డులకు ఇంత పెద్ద పని పడుతుందని నేననుకోలేదు. ఆ మధ్యాహ్నమే చాప పరిచి అక్కచెల్లెళ్లిద్దర్నీ కూర్చోబెట్టాను. ఒక్కో కార్డు అర్థం చెబుతుంటే ఇద్దరూ తగువులాడుకుంటూ పేర్చారు. ఖాళీ గుంటలు నింపే కార్డు నా దగ్గర లేదు, దాన్ని అప్పటికప్పుడు గీశాను. మధ్యలో అమ్మ పిలిస్తే లోపలికి వెళ్లి వచ్చాను. వరస అంతా పూర్తయింది, ఇక కొట్టమన్నారు. కొట్టాను. ముగింపు లేదు, దాచనని యంత్రం మొండికేసింది.

చాప కార్డేది అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చాప దులిపాను, బల్ల కింద చూశాను, పిల్లల సంచులు తిరగేశాను. లేదు. ముసలివాళ్ల చేతికి ఏ వస్తువిచ్చినా ఇంతేనని, నా కష్టమంటే ఈ ఇంట్లో ఎవరికీ లెక్కలేదని నోటికొచ్చినట్టు అన్నాను. అవ్వ పొగాకు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చివరికి ఒక్కమాట అంది.

"ఆ కార్డు లేకుండా చెయ్యలేవా?"

కుదరదన్నాను. నిజానికి కుదురుతుంది. కాపలా పెట్టింది నేనే, ప్రోగ్రాములో ఒక్క పంక్తి తీసేస్తే సరిపోయేది. కానీ నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ముగింపు లేని ఆట ఆటేమిటి అనుకున్నాను, పైగా పీత గుర్తుంది. ఇంకో అట్టముక్క మీద చాప బొమ్మ గీసి, అవ్వ వంటింట్లోకి వెళ్లినప్పుడు వరస చివర నేనే పెట్టాను. ఎప్పుడు ముగియాలని యంత్రం అడిగితే, ఒకరి గుంటల్లో సగానికి పైగా ఖాళీ అయినప్పుడు అని చెప్పాను. అది నింపే కార్డు దాకా పోకముందే అడ్డుపడుతుందని ఆలోచించలేదు. ఆట సిద్ధమైందని మాత్రం ఇద్దరికీ చెప్పాను. అవ్వ నా తల నిమిరింది. చిన్నవ్వ విమానమెక్కే రోజు క్యాసెట్టును పసుపు గుడ్డలో చుట్టి జాకెట్లో దోపుకుంది.

తర్వాత కొన్ని నెలలు మా ఇంట్లో పండగే. పోస్టాఫీసు నుంచి అన్న క్యాసెట్టు తెస్తే అవ్వ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని టీవీ ముందు కూర్చునేది. అది కీచుమని అరుస్తున్నంతసేపూ చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూసేది. గుంటలు తెరమీదికి రాగానే చెల్లెలు ఏ గుంట ఎత్తిందో చూసి, దాన్నిబట్టి అక్కడి సంగతులు చెప్పేది. ఈ ఎత్తు ఆడిందంటే మోకాళ్ల నొప్పి తగ్గినట్టుందనేది, ఇంకో ఎత్తుకు కూతురితో పేచీ పడి ఉంటుందనేది. మేం నవ్వేవాళ్లం. ఒకసారి నొప్పి తగ్గిన సంగతి మనవడి ఉత్తరంలో నిజంగానే వచ్చింది. అప్పటినుంచి నవ్వడం మానేశాం.

అయిదోసారో ఆరోసారో వచ్చిన క్యాసెట్టు ఎక్కిస్తే గుంటలు రాలేదు. ఆట అయిపోయిందన్న మాట ఇంగ్లీషులో తెరనిండా వచ్చింది. నేనే పెట్టిన సంగీతం ముక్క ఒకటి మోగింది. దాంతోపాటు వచ్చిన మనవడి ఉత్తరం చదివాను. అక్క గుంటలు ఖాళీ అయ్యాయి, నింపుదామంటే మశీన్ నింపనివ్వలేదు, అక్క ఎందుకు ఆట ఆపేసిందని చిన్నవ్వ అడుగుతోందని రాశాడు.

అవ్వ తెరను చూస్తూ, "ఖలాస్ అని ఎవురు చెప్పినారు దానికి?" అంది.

"యంత్రమే అవ్వా, దాని తప్పే," అన్నాను.

అబద్ధం. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నోటికి. సరిచేస్తానన్నాను. పోనీ కొత్త ఆట మొదలుపెట్టమంటావా అంటే అక్కర్లేదంది, అది వేరే ఆట అవుతుందట. సరిచేయడానికి ఒక్క మధ్యాహ్నం చాలు. కానీ అప్పుడే నాకు రాజధాని సూవాలో టీచరు శిక్షణకు సీటు వచ్చింది. పెట్టె సర్దుకోవడం, బట్టలు కుట్టించుకోవడం, ఆ హడావిడిలో సెలవులకు వచ్చాక చేద్దామనుకున్నాను. సెలవులు రాకముందే కెనడా నుంచి కబురు వచ్చింది. చలికాలం తట్టుకోలేక చిన్నవ్వ పోయింది. పోయేముందు అక్క చాప చుట్టేసిందని ఒకటి రెండుసార్లు అన్నదని కూతురు ఫోనులో చెప్పింది. అవ్వ ఆ మాట విని లేచి పెరట్లోకి వెళ్లింది. ఆ తర్వాత టీవీ ఉన్న గదిలో కూర్చోవడం మానేసింది. నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. నేను సూవా నుంచి వచ్చినప్పుడల్లా నాకిష్టమని చేపల పులుసు పెట్టేది. ఆ పులుసు తింటూ కూడా నేను నిజం చెప్పలేదు.

ఆ సబ్బుపెట్టె కార్డులే తర్వాత నాకు బతుకుతెరువయ్యాయి. బడిలో కొన్నాళ్లు చెప్పి, ఆపైన టీచర్లకు బోధన సామగ్రి తయారుచేసే పనిలో చేరాను. క్యాసెట్లు పోయి ఫ్లాపీలు, అవి పోయి టాబ్లెట్లు వచ్చాయి. కార్డులు తెర మీదికి ఎక్కాయి, వేలితో లాగి పేర్చుకోవచ్చు. అప్పుడు అయిదు నిమిషాలు కీచుమన్నది ఇప్పుడు కన్ను మూసి తెరిచేలోపు వచ్చేస్తుంది. కెనడాలో ఉన్నవాళ్ల మొహం రోజూ చూస్తూ మాట్లాడుకోవచ్చు, మా వదిన మాట్లాడుతుంది కూడా, చెవిదగ్గర పెట్టుకుని వీడియో కాల్. ఇవన్నీ మంచివే, అప్పటి ఇబ్బందులు మళ్లీ కావాలని నేననను. అవ్వకు ఇది దొరికి ఉంటే ఎంత బాగుండేదని అనిపిస్తుంది, మరుక్షణం చేతులు ఖాళీగా ఉంటే ఆవిడకు మాట రాదు కదా అని కూడా అనిపిస్తుంది. రిటైరయ్యాక కూడా ఆ సాధనం బాగోగులు నేనే చూస్తున్నాను. అందులో నా మొదటి కాపలా అలాగే ఉంది. ముగింపు పెట్టకపోతే ఆటను దాచదు. ఆటకు ముగింపు ఉండాలని శిక్షణ తరగతుల్లో నేనే ఎన్నోసార్లు చెప్పాను. అవ్వ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా, ముసలావిడ కార్డు పోగొట్టింది, ఆట ఎలా ముగియాలో చెప్పలేదు, చెప్పకపోతే నాకెలా తెలుస్తుందని సర్దిచెప్పుకునేదాన్ని. ఇన్నేళ్లూ ఆ సాకు మీదే బతికాను.

కార్డు పేపరు కింద జారిపోయింది కాదు. డబ్బా అడుగుకు సరిపోయేలా దాని నాలుగు మూలలూ కత్తెరతో గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి. నేను లోపలికి వెళ్లివచ్చిన ఆ కాసేపట్లో దాన్ని తీసేసి ఉంటుంది. తర్వాత తీరిగ్గా కూర్చుని, కొలత చూసుకుని, కత్తిరించి పెట్టుకుంది. ఆట ఎలా ముగియాలో అవ్వ నాకు చెప్పింది. చాలా స్పష్టంగా చెప్పింది. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆ వయసులో ఉన్న నన్ను పట్టుకుని ఒక్కటివ్వాలనిపించింది.

కార్డును మళ్లీ డబ్బాలో పెట్టాను. పైన పేపరు పరిచి మూత నొక్కాను. తర్వాత కంప్యూటరు తెరిచి, కాపలా ఉన్న చోటు వెతికి, ఆ పంక్తి తీసేశాను. రెండు నిమిషాల పని. గుంటలు, గింజలు, వంతు, బుట్ట, ఖాళీ గుంటలు నింపడం, అన్నీ అవ్వా చిన్నవ్వా తగువులాడుకుంటూ పేర్చిన వరసలోనే పేర్చాను. దాచమని నొక్కాను. దాచుకుంది. ఏమీ అడగలేదు.